సెలవు తీసుకోని నిప్పు

చబా పొద్దున లేవగానే మొహం కూడా కడుక్కోదు. ముందు వంటింటి వెనక తలుపు తీసి, సందులో నిప్పు ఎటు వాలి ఉందో చూస్తుంది. తనవైపు వాలి ఉంటే హమ్మయ్య అనుకుని పళ్ళు తోముకోవడానికి పోతుంది. పక్కింటివైపు వాలి ఉంటే మాత్రం ఆ పూట మొగుడికి కాఫీ ఉండదు, తిట్లుంటాయి.

ఉబోన్ ఊళ్ళో మూన్ నదికి దిగే వీధిలో ఆ రెండిళ్ళూ భుజాలు రాసుకుని నిలబడి ఉంటాయి. రెండూ చెక్క ఇళ్ళే, రెండింటికీ రేకుల కప్పే. మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడిస్తే పట్టేంత సందు. ఆ సందులో ఉంటుంది నిప్పు. కట్టె అక్కర్లేదు, బొగ్గు అక్కర్లేదు, వానాకాలంలో సందు నిండా నీళ్ళు నిలిస్తే నీళ్ళమీదే కూర్చుంటుంది. అది ఎవరివైపు వాలితే వాళ్ళ గోడ కంతలోంచి నాలుక చాపి పొయ్యికింద దూరుతుంది. ఇక ఆ ఇంట్లో వంటే వంట. రెండో ఇంటి పొయ్యి చల్లగా పడి ఉంటుంది. రెండిళ్ళలో ఒకేసారి మండగా చూసినవాళ్ళు లేరు. కరెంటు మీటరు చూసే మనిషి నెలకోసారి వచ్చి, నిప్పుని ఓ పక్కనుంచి దాటి, అంకె రాసుకుని పోతాడు. ప్యాంటు కాలకుండా చూసుకుంటాడు, అంతే.

పక్కింటావిడ పేంగ్ అవ్వ. ఒకప్పుడు మంత్రసాని. కాన్పులు పెద్దాసుపత్రికి మారిపోయాక ఆవిడకి మిగిలింది ఒకటే పని. పచ్చి బాలింతలు వచ్చి వెదురు మంచం మీద నిప్పు పక్కన పడుకునేవారు. అవ్వ చింతాకూ నిమ్మగడ్డీ వేసి నీళ్ళు కాచి పోసేది, ఒళ్ళు గట్టిపడేదాకా చూసుకునేది. ఆ రోజుల్లో నిప్పు ఎప్పుడూ అవ్వ ఇంటివైపే వాలి ఉండేది. ఆఖరిరోజున తల్లి చేతులు జోడించి, నన్నూ నా బిడ్డనీ కాచావు, ఇక సెలవు అని చెప్పి, గిన్నెడు నీళ్ళు నిప్పు పక్కన పోసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. అది పద్ధతి. ఆ వీధిలో ఆడవాళ్ళందరూ అలాగే వెళ్ళారు.

చబా అలా వెళ్ళలేదు. బిడ్డని పక్కలో పెట్టుకుని పడుకున్న రోజుల్లో అవ్వ గుమ్మంలో ఎవరితోనో గుసగుసలాడటం వినబడింది. అంతే, చబాకి అనుమానం పుట్టుకొచ్చింది. బిడ్డకి తండ్రి పోలిక రాలేదంటోందేమో! అసలు అవ్వ మాట్లాడింది ఎండుచేపల ధర గురించి. కానీ అనుమానం అంటూ వచ్చాక చేపలా ధరా ఎవడికి కావాలి? బిడ్డని చంకనేసుకుని, సెలవూ లేదు, నీళ్ళూ లేవు, విసవిసా ఇంటికొచ్చేసింది. నిప్పు తలెత్తి చూసింది. చూసి, ఆవిడ వెనకాలే వచ్చి చబా గోడ కంతలో దూరింది. వీధి వీధంతా చూశారు. “తల్లి వెంట వచ్చింది పాపం” అనుకుని ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు.

ఆ నిప్పు మీదే చబా బియ్యపు నూడుల్స్ దుకాణం పెట్టింది. ఆ పులుసు రుచి వేరు. ఎముకలు మెత్తగా ఉడికి, దుంపరాష్ట్రం వేరు ఘాటు ముక్కుకి తగిలి, కోతలైన రైతులు, పడవల వాళ్ళు, బళ్ళో పంతుళ్ళు వరసకట్టేవారు. అవ్వ ఇంట్లో పొయ్యి చల్లారిపోయింది. బాలింతలు రావడం మానేశారు. ఆవిడ ఎవరో ఇచ్చిన జిగురన్నం వెదురుబుట్టలోంచి చల్లగానే పిసుక్కుని తినేది.

“కళ్ళలో నిప్పులు పోసుకుంటోంది ముసలిది,” అనేది చబా మొగుడితో. “ఎప్పుడు లాక్కుందామా అని చూస్తోంది.”

“డెబ్భై దాటిన మనిషి, నిప్పుని ఎలా లాక్కుంటుందే?” అనేవాడు సవేంగ్. ఇసక లారీ తోలతాడు, తగువంటే భయం.

“విసనకర్రతో! నువ్వు చూశావా, ఆ విసనకర్ర ఎప్పుడూ సందువైపే తిప్పి విసురుకుంటుంది.”

“చలేసే మనిషికి విసనకర్రెందుకే?”

“అదేగా నేనూ అడిగేది!”

బిడ్డ పేరు కుంగ్. అంటే రొయ్య. పుట్టినప్పుడు ఉడికించిన రొయ్యలా ఎర్రగా ముడుచుకుని ఉందని అలా పిలిచారు. ఆ ఎరుపు ఎంతోకాలం నిలవలేదు. పాకే వయసు వచ్చేసరికి పెదాలు తెల్లబడ్డాయి, పొట్ట ఉబ్బింది, పాలు తాగుతూ తాగుతూనే అలసిపోయి నిద్రపోయేది. పెద్దాసుపత్రిలో తలసీమియా, ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు అన్నారు. చబా వెంటనే అత్తగారి వంశాన్ని అనుమానించింది. పరీక్ష చేస్తే లోపం ఇద్దరి దగ్గరా తేలింది. చబా దగ్గర్నుంచి పిల్లకి వచ్చిన జన్యువు కొంచెం బలహీనం, సవేంగ్ దగ్గర్నుంచి వచ్చింది పూర్తిగా పనికిరానిది. “చూశావా, నీదే ఎక్కువ పాడు,” అంది చబా. ఆ రాత్రంతా ఏడ్చింది కూడా ఆవిడే.

అప్పట్నుంచి నెలనెలా ఎవరో దానం చేసిన రక్తం కుంగ్ ఒంట్లోకి ఎక్కించాల్సిందే. ఇప్పుడు పిల్ల రెండో తరగతి. ఎప్పుడు చూసినా చలి అంటుంది. ఏప్రిల్ ఎండలో కూడా దుప్పటి కప్పుకుంటుంది.

తెల్లారగట్ల ఆ పిల్ల దుప్పటి ఈడ్చుకుంటూ సందులోంచి దూరి అవ్వ ఇంటికి పోయేది. ఆ వెదురు మంచం మీద ముడుచుకుని పడుకునేది. నిప్పు అవ్వ ఇంటివైపు వాలే పొద్దులు అవే. కుంగ్‌ని వెతుక్కుంటూ చబా వెళ్ళేది, రెక్క పట్టుకుని లాక్కొచ్చేది. నిప్పు కూడా తలొంచుకుని తల్లి వెనకాలే వచ్చేసేది. కానీ ఆ రోజుల్లో కుంగ్ బుగ్గలు కాస్త రంగెక్కేవి. రెండోసారి అన్నం అడిగేది. రేగుచెట్టు కూడా ఎక్కేది.

చబా అది గమనించకపోలేదు. గమనించి ఇంకా మండిపడింది.

“ఏం పెడుతున్నావు నా పిల్లకి?” అని ఒకరోజు అవ్వ గుమ్మంలో నిలబడి నిలదీసింది. “వేళ్ళా? ఆకులా? డాక్టరమ్మ నాటుమందులు వద్దంది తెలుసా?”

పేంగ్ అవ్వ తమలపాకు నమలడం ఆపలేదు. “నేనేం పెడతానే? నా ఇంట్లో చల్లన్నం తప్ప ఏముంది?”

“మరి ఇక్కడికొచ్చిన రోజు పిల్లకి అంత ఆకలెందుకేస్తుంది?”

“నీ ఇంట్లో వేయకపోతే అది నీ వంట తప్పు.”

“నా వంటకి పది ఊళ్ళనుంచి వస్తారు!”

“నా నిప్పుకి వస్తారు,” అంది అవ్వ, గుమ్మం బయటికి ఉమ్మేసి.

నా నిప్పు! ఆ ఒక్కమాట చబాకి చాలు. కొలతతాడు తెచ్చి సందులో పరిచింది. నిప్పు కూర్చునే చోటు తన గోడకి జానెడు దగ్గర. దగ్గరున్నవాళ్ళదే కదా ఏ వస్తువైనా! ఆ వారంలోనే సవేంగ్ చేత సిమెంటు ఇటుకలు తెప్పించి, సందులో నిప్పుకి అవతలివైపు గోడ కట్టించింది. సవేంగ్ సణుక్కుంటూనే కట్టాడు. పైన రేకుదాకా కట్టేశాడు. అవ్వ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, ఒక్కమాట అనలేదు. మాట అనకపోవడం చూసి చబాకి ఇంకా అనుమానం వచ్చింది.

గోడ పడ్డాక దుకాణం ఎలా నడిచిందనుకున్నారు? నిప్పు ఇక ఎటూ పోలేక పొయ్యికింద నిండుగా కూర్చుంది. పులుసుకి ఎప్పుడూ లేని రుచి వచ్చింది. వీధి మలుపుదాకా జనం. చబా బల్లలు పెంచింది, నూడుల్స్ పిండి పిసకడానికి మనిషిని పెట్టుకుంది. కుంగ్‌ని బడికి తప్ప ముందు గుమ్మం దాటనివ్వలేదు.

కుంగ్ మంచం పట్టింది. మెట్లెక్కితే ఆయాసం, మాట్లాడితే ఆయాసం. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి రక్తం ఎక్కిస్తుంటే ఒళ్ళంతా వణుకు, జ్వరం. సీసా ఆపేశారు.

రాచనీ డాక్టరమ్మ చిన్నదే, కానీ దాచిపెట్టి మాట్లాడే రకం కాదు. “చూడండమ్మా, ఇన్నేళ్ళు ఎక్కించిన రక్తాన్ని పాప ఒళ్ళు పరాయిదని గుర్తుపట్టడం మొదలుపెట్టింది. తిప్పికొడుతోంది. పాపకి పడే రక్తం దొరకడం ఇక కష్టం. ఇప్పటికి ఒకటి దొరికింది. వచ్చే నెల సంగతి నేను చెప్పలేను.”

చబా కుర్చీ ముందుకి జరుపుకుంది. “మందుల్లేవా?”

“ఉన్న మందు ఇస్తూనే ఉన్నాం. పాపకి పెద్దగా పనిచేయలేదు.” చబా తెచ్చిన నూడుల్స్ గిన్నె బల్లమీద ఉంది. ప్రతిసారీ తెస్తుంది, డాక్టరమ్మకి అవంటే ప్రాణం. ఆవిడ తినే పుల్లలతో ఒక పొడుగు నూడుల్ పైకి తీసి గిన్నె మూతమీద పరిచింది. “ఇది డీఎన్ఏ దారం అనుకోండి. మనందరి ఒంట్లో ఉంటుంది. ఇదిగో, దీనిమీద ఇక్కడొక జన్యువు, దాని పక్కనే ఇంకొకటి.” రెండు వేయించిన వెల్లుల్లి ముక్కలు పక్కపక్కనే పెట్టింది. “రెండూ రక్తానికి ఎరుపు చేసేవే. రెండు ఇళ్ళు అనుకోండి. ఈ చివరన ఒక మీట ఉంది. రెండింటికీ కలిపి ఒకటే మీట. దారం ఇలా వంగి, మీట ఏ ఇంటిని తాకితే ఆ ఇల్లు పనిచేస్తుంది.”

చబా కళ్ళు చిన్నవి చేసుకుని చూసింది.

“కడుపులో ఉన్నప్పుడు మీట ఈ మొదటి ఇంటిని తాకుతుంది. పుట్టాక కొన్ని నెలలకి దీన్ని వదిలేసి రెండో ఇంటికి వాలుతుంది. మీ పాపకి ఆ రెండో ఇల్లే పాడైంది. మొదటి ఇల్లు బంగారంలా ఉంది, కానీ మూతపడి ఉంది. మీట దానికి అందదు. కొందరుంటారు, వాళ్ళకి మధ్యలో కొంత ముక్క పుట్టుకతోనే ఉండదు. అడ్డు లేదు కాబట్టి మీట మొదటి ఇంటి దగ్గరే ఉండిపోతుంది. పుట్టకముందు రక్తంతోనే ముసలివాళ్ళయ్యేదాకా హాయిగా బతికేస్తారు, తెలియను కూడా తెలియదు.”

చబా ఠక్కున లేచి నిలబడింది. “ఆ ముసలిది మీ దగ్గరికి ఎప్పుడొచ్చింది?”

“ఏ ముసలావిడ?” అంది డాక్టరమ్మ తెల్లబోయి.

“మా రెండిళ్ళ సంగతి, మధ్య గోడ సంగతి మీకెవరు చెప్పారు? ఆవిడ తరఫున మాట్లాడుతున్నారు కదూ?”

“అమ్మా, నేను చెప్తున్నది జన్యువుల గురించి.” డాక్టరమ్మ ఆ నూడుల్‌ని నోట్లో వేసుకుంది. తిని, “ఈ మధ్య మీ పులుసు మరీ బాగుంటోంది,” అంది.

చబా సవేంగ్ లారీలో ఇంటికి బయల్దేరింది. లారీ ముందు సీట్లో కుంగ్ ఆవిడ ఒళ్ళో పడుకుంది. ఆ వేళ్ళు పట్టుకుంటే కడిగిన ముల్లంగిలా తెల్లగా, చల్లగా ఉన్నాయి. డాక్టరమ్మ అబద్ధమాడుతోందేమో. ముసలిది మంత్రం వేసిందేమో. మొగుడు కూడా వాళ్ళతో కలిశాడేమో. ఒక్కొక్కరినీ అనుమానించుకుంటూ వచ్చింది. వీధి మలుపు తిరిగేసరికి అనుమానించడానికి ఇంకెవరూ మిగల్లేదు, తను తప్ప.

దిగి సూటిగా అవ్వ ఇంటికి పోయింది. మధ్యాహ్నం వేళ. అవ్వ వెదురు మంచం మీద రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చుంది.

“అవ్వా, నిజం చెప్పు. మా పిల్ల వచ్చినప్పుడు నువ్వేం చేసేదానివి?”

“ఏమీ చేసేదాన్ని కాదు. నిప్పుకి వీపు పెట్టి కూర్చునేదాన్ని.”

“వీపు పెట్టా? ఎందుకు?”

“నువ్వే పంపుతున్నావనుకున్నా,” అంది అవ్వ. “నిప్పునీ పిల్లనీ నువ్వే తోలి, తర్వాతొచ్చి దొంగ అని నామీద వేస్తావనుకున్నా. నీ సంగతి నాకు తెలీదా? అందుకే అది ఎదురుగా ఉన్నా గుక్కెడు నీళ్ళు కూడా కాచుకోలేదు. రేపు నువ్వడిగితే ముట్టుకోలేదని ఒట్టేసి చెప్పాలిగా.”

చబా గుమ్మంలోనే కూర్చుంది. ఇన్నాళ్ళూ ఈవిడ, నిప్పు ఎదురుగా పెట్టుకుని, తనంటే భయపడి చల్లన్నం తింది. తనొక్కతే అనుమానప్పక్షి అనుకుంటే, పక్కింట్లో ఇంకొకటి కూర్చుని ఉంది.

“అది పిల్ల కోసమే వచ్చేదా, అవ్వా?”

“ఇంకెవరి కోసం? బాలింత నిప్పు అది. బిడ్డని కాచడం తప్ప దానికేం తెలుసు? నీ ఎముకల పులుసు కాచమని దానికెవరు నేర్పారు?”

చబా లేచి ఇంటికెళ్ళింది. దుకాణం నిండా జనం. పిండి పిసికే మనిషి ఏదో అడిగింది, చబా వినలేదు. మూలనున్న గునపం తీసుకుని వెనక తలుపు తీసింది. మొదటి దెబ్బకి సిమెంటు రాలింది. రెండో దెబ్బకి సవేంగ్ పరిగెత్తుకొచ్చాడు. “నేను కట్టిందేనే, నేనే కొడతా, ఇటివ్వు,” అన్నాడు. ఇవ్వలేదు. లుంగీలా చుట్టుకున్న సిన్ పైకి దోపుకుని, ఏడుస్తూ, గోడని బూతులు తిడుతూ తనే కొట్టింది. కొట్టి కొట్టి మనిషి దూరేంత కంత చేసింది.

నిప్పు పొయ్యికిందనుంచి బయటికొచ్చింది. దుకాణంలో గిన్నెల్లోని పులుసు చల్లారి పైన కొవ్వు పేరుకుంది. ఒక పడవవాడు “ఇదేంటి, చల్లగా ఉంది?” అన్నాడు. పక్కనున్న పంతులు, “నిప్పు కదిలినట్టుంది, త్వరగా తినెయ్,” అన్నాడు.

సవేంగ్ కుంగ్‌ని ఎత్తుకుని ముందు గుమ్మంలోంచి వెళ్ళి అవ్వ మంచం మీద పడుకోబెట్టాడు. నిప్పు కంత దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. పిల్లవైపు చూస్తుంది, తిరిగి చబావైపు చూస్తుంది. ఒక అడుగు అటు, ఒక అడుగు ఇటు.

“పో,” అంది చబా. “పోవే, పో!”

“అలా పొమ్మంటే పోదే,” అంది అవ్వ అవతల్నుంచి. “నీకోసం చూస్తోంది. నువ్వు సెలవు తీసుకోలేదుగా. నీ బాలింతతనం ఇంకా తీరలేదనుకుంటోంది.”

చబా గునపం మీద చెయ్యేసి నిలబడిపోయింది. సెలవు చెప్తే ఇక ఈ జన్మలో నిప్పు తన గుమ్మం తొక్కదు. దుకాణం, ఆ పులుసు, ఆ వరసలు, అన్నీ పోతాయి. పాత అనుమానం మళ్ళీ బుసకొట్టింది.

“నీకిది కావాలనేగా అవ్వా? ఇన్నేళ్ళూ నా నోటితో ఈ మాట అనిపించాలనేగా?”

“కావాలి,” అంది పేంగ్ అవ్వ, ఏమాత్రం తడబడకుండా. “ఎందుకు కావాలనుకోనే? నాకూ చలేస్తుంది.”

జీవితంలో మొదటిసారి ఒక మనిషి తను అనుమానించిందే నిజమని మొహంమీద ఒప్పుకుంది. చబా గునపం గోడకి ఆనించింది. మంచం మీంచి కుంగ్ సన్నగా అంది, “అమ్మా, చలి.”

చబా తొట్టిలోంచి గిన్నెడు నీళ్ళు ముంచింది. నిప్పు ముందు మోకాళ్ళమీద కూర్చుని, సిమెంటు అంటిన చేతులు జోడించింది. “నన్ను కాచావు,” అంది. అది చాలదనిపించింది. మళ్ళీ అంది. “నన్నూ కాచావు, నా దుకాణాన్నీ కాచావు. నేను దొంగలా వచ్చేశాను. ఇక సెలవు. నా బిడ్డని చూసుకో.” నీళ్ళు పక్కన పోసింది. లేచి వెనక్కి తిరిగింది. తిరిగి చూడాలని ఒళ్ళంతా పీకింది, మెడ నరాలు లాగాయి. అనుమానం మనిషికి వెనక్కి చూడకుండా నడవడం ఎంత కష్టమో చబాకే తెలియాలి. వంటింటి తలుపు వేసేదాకా చూడలేదు.

వెనకనుంచి పేంగ్ అవ్వ గొంతు మాత్రం వినబడింది. “అమ్మయ్య! కుంగ్, కాళ్ళు జాపుకోవే తల్లీ.”

వచ్చే నెలకి రక్తం అక్కర్లేదంది రాచనీ డాక్టరమ్మ. ఆ పై నెలకీ అక్కర్లేదంది. వానలు వెనకబట్టేసరికి పరీక్ష కాగితం చూసి, “మొదటి ఇల్లు తెరుచుకుంది,” అంది. “పాప రక్తమంతా పుట్టకముందు రక్తమే. ఇలాగే ఉండనివ్వండి.” ఎలా అని అడగలేదు. “నూడుల్స్ తేలేదేం?” అని మాత్రం అడిగింది.

“గ్యాసు పొయ్యిమీద చేసినవి, మీకు నచ్చవు,” అంది చబా.

ఇప్పుడు దుకాణంలో వరసల్లేవు. తినేవాళ్ళు తింటారు, పాత పులుసు గుర్తొచ్చినవాళ్ళు ఒక నిట్టూర్పు విడుస్తారు. అవ్వ ఇంట్లో మళ్ళీ బాలింతలు పడుకుంటున్నారు. కుంగ్ బడినుంచి రాగానే సంచీ పడేసి వెదురు మంచం కిందికి దూరుతుంది. బుగ్గలు ఎర్రగా, పుట్టినప్పటి రంగులోకి వచ్చాయి. అవ్వ మీద చబాకి అనుమానం పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. పిల్ల చేత తమలపాకులు తెప్పించుకుంటోందని ఈమధ్య కొత్తగా పట్టుకుంది.

పొద్దున లేవగానే ఇప్పటికీ మొహం కడుక్కోదు. వెనక తలుపు తీసి నిప్పు ఎటు వాలి ఉందో చూస్తుంది. అది పక్కింటివైపు వాలి ఉంటే హమ్మయ్య అనుకుంటుంది. గాలికి ఏ కాస్త తనవైపు తలూపినా, చేట పట్టుకుని సందులోకి దిగి, అటు పో, అటు పో అని తరుముతుంది. అది అటు పోయేదాకా నిలబడి, అప్పుడు పళ్ళు తోముకోవడానికి పోతుంది.